కాంపాక్ట్ డిష్‌వాషర్ ‘ఈ-4’ చూపించి ఆగిపోతోంది: బాగు చేయాలా, మార్చేయాలా?

పాతగిన్నె

అందరికీ నమస్కారం. గట్టు మీద పెట్టుకునే రకం, ఆరు సెట్ల కాంపాక్ట్ డిష్‌వాషర్. వయసు 9 ఏళ్లు. లోపలి తొట్టి స్టీలు, అడుగుభాగం ప్లాస్టిక్.

సైకిల్ మొదలైన పది పదిహేను నిమిషాలకు డ్రెయిన్ పంపు దానంతట అదే తిరగడం మొదలుపెడుతోంది, డిస్‌ప్లేలో ఈ-4 వస్తోంది. బటన్ నొక్కినా పంపు ఆగదు, ప్లగ్ పీకితేనే ఆగుతుంది. మెషిన్‌ను పక్కకు వంచితే అడుగు నుంచి గ్లాసెడు నీళ్లు వస్తున్నాయి. ఆ తర్వాత ఒకటి రెండు సైకిళ్లు మామూలుగా నడిచి మళ్లీ మొదటికొస్తోంది. పూర్తయిన సైకిళ్లలో కూడా గిన్నెలు చల్లగానే ఉంటున్నాయి, డిటర్జెంట్ బిళ్ల సగం కరగకుండా మిగులుతోంది.

చూసిన టెక్నీషియన్ విప్పకుండానే మార్చేయమన్నారు. తొమ్మిదేళ్ల మెషిన్ మీద ఖర్చు పెట్టొచ్చా? మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు.

మరమేకు

విప్పకుండా ఎవరూ తేల్చలేరండీ. ఇలాంటి చాలా కాంపాక్ట్ మెషిన్లలో ఈ-4 అంటే ఒకటే అర్థం: తొట్టి కింద ఉండే ట్రేలోకి నీళ్లు చేరాయి. ఆ ట్రేలో థర్మాకోల్ తేలుడుబిళ్ల ఒకటి ఉంటుంది. నీళ్లు చేరితే అది పైకి లేచి చిన్న మైక్రోస్విచ్‌ను నొక్కుతుంది. బోర్డు వెంటనే ఇన్‌లెట్ వాల్వ్ మూసేసి డ్రెయిన్ పంపును వదలకుండా తిప్పుతుంది. అంటే పంపు పాడవలేదు, దాని పని అది చేస్తోంది. మీ మోడల్ మాన్యువల్‌లో కోడ్ అర్థం ఒకసారి సరిచూసుకోండి.

వంచి నీళ్లు పారబోస్తే బిళ్ల దిగుతుంది, కోడ్ పోతుంది. లీకు మాత్రం అక్కడే ఉంటుంది. అది ఎక్కడో తెలియకుండా “బాగు చేయాలా, మార్చాలా” అన్న ప్రశ్నకు జవాబు లేదు. క్లాంప్ వదులైతే పది నిమిషాల పని. తొట్టికి చిల్లు పడితే ఎంత కొత్త మెషిన్ అయినా పారేయాల్సిందే.

ముందు ఒక్క సంగతి చెప్పండి. చేత్తో గిన్నెలు తోమే లిక్విడ్ ఎప్పుడైనా లోపల పడిందా? రిన్స్ ఎయిడ్ (గిన్నెలు మరకల్లేకుండా ఆరడానికి పోసే ద్రవం) మూత వదులుగా ఉందా? నురగ ఎక్కువైతే ఏ భాగమూ చెడకుండానే తలుపు అంచుల నుంచి కారి ట్రేలోకి దిగుతుంది.

పాతగిన్నె

డిష్‌వాషర్ బిళ్లలు తప్ప ఇంకేమీ వాడట్లేదు. మధ్యలో తలుపు తీసి చూశాను, నురగ లేదు. రిన్స్ ఎయిడ్ మూత బిగుతుగానే ఉంది.

కొత్తచీపురు

నా మాట వేరు. తొమ్మిదేళ్లు నడిచింది, ఇప్పుడు లీకు ఒకటి, వేడి లేకపోవడం ఒకటి, రెండు రోగాలు. ఒకటి బాగు చేసేలోపు రబ్బర్లన్నీ అదే వయసులో ఉంటాయి, వరసగా పోతాయి. పైగా కొత్తవి నీళ్లూ కరెంటూ తక్కువ తాగుతాయి. ఆ సమయాన్ని కొత్తది ఎంచుకోవడానికి పెట్టండి.

ఓముల లెక్క

కరెంటు ఆదా అన్న మాటకు ఒక లెక్క వేద్దాం. ఆరు సెట్ల మెషిన్ ఒక సైకిల్‌కు సుమారు 6 నుంచి 8 లీటర్ల నీళ్లు వాడుతుంది. కరెంటులో ఎక్కువ భాగం ఆ నీళ్లను వేడి చేయడానికే పోతుంది. నీళ్లను వేడెక్కించడంలో కొత్త హీటర్‌కూ పాత హీటర్‌కూ తేడా లేదు, భౌతికశాస్త్రం ఇద్దరికీ ఒకటే. కొత్తది తక్కువ నీళ్లతో, తక్కువ వేడితో, ఎక్కువసేపు నడిచి ఆదా చేస్తుంది. తేడా సైకిల్‌కు 0.15 యూనిట్ అనుకుందాం. ఏడాదికి 250 సైకిళ్లకు 37.5 యూనిట్లు. మీ దగ్గర యూనిట్ రేటుతో హెచ్చించి చూడండి. ఆ ఆదాతో కొత్త మెషిన్ డబ్బు తిరిగి రావడం కల్ల. కొనడానికి వేరే కారణాలు ఉండొచ్చు, కరెంటు బిల్లు మాత్రం కారణం కాదు.

రబ్బర్లన్నీ ఒకే వయసులో ఉంటాయన్నది నిజమే. దానికి జవాబు, విప్పినప్పుడే వాటిని చూసుకోవడం.

మరమేకు

సరే, లీకు పట్టే పద్ధతి. కవరు తీయకముందే సగం తేలిపోతుంది. లీకు ఎప్పుడు వస్తోంది అన్నదే ఎక్కడ అన్నదాన్ని చెబుతుంది.

మొదటి పరీక్ష నిలవనీళ్లది. ప్లగ్ తీసేయండి, కుళాయి కట్టేయండి. మెషిన్‌ను వంచి ట్రే పూర్తిగా ఖాళీ చేయండి. తొట్టిలో రెండు లీటర్ల నీళ్లు పోసి అరగంట ఆగండి. ట్రేలోకి చుక్క పడితే లీకు సంపు (తొట్టి అడుగున నీళ్లు చేరే గుంట) చుట్టూ ఉండే సీలులోనో, డ్రెయిన్ పంపు కూర్చునే ఓ-రింగులోనో, తొట్టి లోహంలోనో ఉంది.

రెండోది కుళాయిది. తొట్టి ఖాళీ, మెషిన్ ఆఫ్, కుళాయి తెరిచి రాత్రంతా వదలండి. పొద్దున తొట్టి అడుగున నీళ్లు కనిపిస్తే ఇన్‌లెట్ వాల్వ్ సరిగ్గా మూసుకోవట్లేదు. దాని డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) కింద ఇసుకరేణువు ఇరుక్కున్నా ఇదే లక్షణం. గొట్టం బిగించే చోట ఉండే జాలీని ముందు కడగండి.

ఈ రెంటిలోనూ పొడిగానే ఉండి, మెషిన్ నడిచేటప్పుడు మాత్రమే కారితే లీకు ఒత్తిడి ఉన్న వైపు ఉన్నట్టు. అక్కడ అనుమానితులు నలుగురే: నీళ్లను తిప్పే సర్క్యులేషన్ పంపు షాఫ్ట్ సీలు, పంపు నుంచి స్ప్రే ఆర్మ్‌కు (గిన్నెల మీద నీళ్లు చిమ్ముతూ తిరిగే చెయ్యి) వెళ్లే గొట్టం, తలుపు రబ్బరు, స్ప్రే ఆర్మ్. నాలుగోదాన్ని చాలామంది మర్చిపోతారు. ప్లాస్టిక్ స్ప్రే ఆర్మ్ రెండు సగాలు అతికించి చేసేది. ఆ అతుకు విచ్చుకుంటే నీళ్లు పక్కకు చిమ్మి తలుపు కింది అంచుకు సూటిగా తగులుతాయి. తలుపు రబ్బరు మార్చినా లీకు ఆగదు, రబ్బరు తప్పేమీ లేదు కాబట్టి. ఆర్మ్‌ను చేత్తో నొక్కి అతుకు వెంట వెలుతురుకు పెట్టి చూడండి.

నీళ్లు నింపుకునేటప్పుడు మాత్రమే కారితే ఇన్‌లెట్ గొట్టం, లేదా పక్కన, నీళ్లు లోపలికి వచ్చే దారిలో ఉండే ఎయిర్‌బ్రేక్ డబ్బా. కొన్ని సైకిళ్లలో వచ్చి కొన్నిట్లో రాకపోతే సాఫ్ట్‌నర్ (నీళ్ల గట్టిదనం తీసే భాగం) అతుకులు చూడండి. సాఫ్ట్‌నర్ రీజనరేషన్ (ఉప్పునీళ్లతో దాన్ని మళ్లీ సిద్ధం చేయడం) ప్రతి సైకిల్‌లో జరగదు.

సున్నపునీరు

ఒక హెచ్చరిక. ఇది పూర్తయ్యేదాకా సిట్రిక్ యాసిడ్‌తో తోముడు మొదలుపెట్టకండి. కారిన చోట ఎండిన తెల్లటి సున్నం జాడే మీకు దారి చూపేది, దాన్ని మీరే తుడిచేసినట్టవుతుంది. పైగా కొన్నిచోట్ల సీలు పనిని సున్నమే చేస్తూ ఉంటుంది. అది కరిగిందంటే సన్నటి లీకు పెద్దదవుతుంది.

ఓముల లెక్క

వేడి సంగతికి వస్తే, కవరు తీయకుండా చేసే పరీక్ష ఒకటుంది. ప్లగ్‌కు, సాకెట్‌కు మధ్య పెట్టే వాట్‌మీటర్ దొరికితే పెట్టండి. వేడినీళ్ల ప్రోగ్రాం మొదలెట్టి నీళ్లు నిండాక చూడండి. సర్క్యులేషన్ పంపు ఒక్కటే తిరిగితే వందలోపు వాట్లు. హీటర్ పట్టుకుంటే అంకె ఒక్కసారిగా వెయ్యి దాటాలి. కాంపాక్ట్ మెషిన్ రేటింగ్ ప్లేటు మీద మొత్తం వాట్లు రాసి ఉంటాయి, దానికి దగ్గరగా రావాలి.

వెయ్యి దాటకపోతే ప్లగ్ తీసి హీటర్ ఓములు కొలవాలి. ఎంత రావాలో లెక్క సులువు: వోల్టేజీని దానితోనే హెచ్చించి వాట్లతో భాగించండి. 230 వోల్టుల మీద 1200 వాట్ల హీటరుకు 44 ఓములు, 1800 వాట్లదానికి 29 ఓములు. తీగలు పీకాకే కొలవండి, లేకపోతే బోర్డు ద్వారా వేరే దారి కలిసి తప్పుడు అంకె వస్తుంది.

హీటర్ కాళ్లలో ఒక్కోదానికీ బయటి లోహపు గొట్టానికీ మధ్య కూడా కొలవండి. మీటర్ పెద్ద రేంజిలో అంకె రాకూడదు. రెండు మెగాఓముల కంటే తక్కువ వస్తే ఆ హీటర్ లోపల తేమ చేరింది. ఇవాళ కాకపోతే రేపు ఆర్‌సీసీబీని (కరెంటు లీకైతే లైన్ కట్ చేసే స్విచ్) పడగొడుతుంది. దాంతో నడిపించొద్దు.

మోడరేటర్

కవరు తీసే ముందు: ప్లగ్ గోడ నుంచి బయటికి వచ్చి కంటికి కనబడేలా ఉండాలి, స్విచ్ ఆపితే చాలదు. మోటారు పక్కన ఉండే కెపాసిటర్ కాళ్లు ముట్టుకునే ముందు రెసిస్టర్ పెట్టి ఖాళీ చేయాలి. కవరు లేకుండా నడిపి చూసేటప్పుడు ఆర్‌సీసీబీ ఉన్న లైన్ మీదే నడపండి. చేతులు వెనక్కి, టార్చ్ మాత్రం ముందుకు.

పాతగిన్నె

ఫలితాలు. నిలవనీళ్ల పరీక్షలో అరగంట దాటినా ట్రే పొడి. రాత్రంతా కుళాయి తెరిచి ఉంచినా తొట్టిలో చుక్క లేదు. స్ప్రే ఆర్మ్ అతుకు బాగుంది, తలుపు రబ్బరు మెత్తగానే ఉంది.

వాట్‌మీటర్: నీళ్లు నిండాక 70 వాట్లు. ఇరవై నిమిషాలు చూసినా 70 దాటలేదు.

ఇక కవరు తీయాలంటే మరలు ఎక్కడుంటాయి?

మరమేకు

సాధారణంగా వెనకవైపు అంచుల్లో, కొన్నిట్లో పక్కల కింద. మరలన్నీ తీశాక కవరును మొదట వెనక్కి ఒక వేలెడు జరిపి తర్వాత పైకెత్తాలి. లాగేయకండి, ఎర్త్ తీగ కవరుకు తగిలించి ఉండొచ్చు. తీసేముందు ప్రతి కోణం ఫోటో తీసుకోండి. తీగల రంగులు గుర్తుంటాయనుకోవడం అందరూ చేసే తప్పే.

తీశాక ట్రేని పొడిగుడ్డతో తుడిచి, ప్రతి అతుకు కింద ఒక టిష్యూ ముక్క పరచండి: సంపు కింద, సర్క్యులేషన్ పంపు కింద, డ్రెయిన్ పంపు కింద, సాఫ్ట్‌నర్ కింద, తలుపు రెండు మూలల కింద. ఎక్కడ ఏ ముక్కో పెన్సిల్‌తో రాయండి. తర్వాత వేడి లేని చిన్న రిన్స్ నడపండి. మొదట తడిసిన ముక్కే సాక్షి. చివరికి అన్నీ తడుస్తాయి కాబట్టి దగ్గరే ఉండి చూడాలి.

కొత్తచీపురు

కవరు తీసినప్పుడే తొట్టి కూడా చూడండి. షాఫ్ట్ సీలు, హీటరు ఏవైనా మారతాయి. తొట్టి మారదు. తుప్పు ఉంటే వెంటనే ఆపేసి కొత్తది కొనుక్కోండి. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినక్కర్లేదు.

మరమేకు

ఈ మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. కాకపోతే తుప్పు మరకలన్నీ తుప్పు కావు. ర్యాక్ కమ్మీల మీది ప్లాస్టిక్ పూత ఊడితే ఆ ఇనుము కరిగి స్టీలు మీద గోధుమరంగు చారగా అంటుకుంటుంది. తడిగుడ్డకు కాస్త సిట్రిక్ యాసిడ్ అద్ది రుద్దితే పోతుంది, కింద స్టీలు నునుపుగా ఉంటుంది. అసలు తుప్పు వెల్డింగు మూలల్లో, తలుపు బిజాగరీల దగ్గర, సంపు అంచు చుట్టూ వస్తుంది. చిన్న గుంటలు, వాటి చుట్టూ నల్లటి వలయం. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా గుచ్చి చూడండి. మొన దిగబడితే ఆట ముగిసింది. పైన ఎపాక్సీ పూసి నడిపించే ప్రయత్నం చేయొద్దు. వేడికీ, డిటర్జెంట్ క్షారానికీ అది ఊడుతుంది, ఊడినప్పుడు కింద కరెంటు భాగాల మీదే నీళ్లు పడతాయి.

పూత ఊడిన ర్యాక్ కమ్మీలకు మాత్రం డిష్‌వాషర్ ర్యాక్‌ల కోసమే వచ్చే పూత, రబ్బరు టోపీలు దొరుకుతాయి. తుప్పు గీకి, ఆరబెట్టి, రెండు పొరలు వేసి ఒక రోజు వదలాలి.

పాతగిన్నె

కవరు తీశాను. మొదట తడిసింది సర్క్యులేషన్ పంపు కింద ముక్క, మూడు నిమిషాలకే. మోటారు, పంపు కలిసే చోట నుంచి సెకనుకో చుక్క. మోటారు కింది సగం మీద తెల్లటి చార గట్టిపడి ఉంది. పంపు శబ్దం మామూలుగానే ఉంది, గరగర లేదు.

తొట్టిలో గోధుమ చారలు ర్యాక్ ఆనే చోట మాత్రమే ఉన్నాయి. రుద్దితే పోయాయి. మూలలు శుభ్రం, మొన ఎక్కడా దిగలేదు.

హీటర్ 43 ఓములు. లోహానికి కొలిస్తే అంకె రాలేదు. అయినా వేడెక్కట్లేదు ఎందుకని?

ఓముల లెక్క

హీటర్ బాగుంది, దానికి కరెంటు అందట్లేదు. దారిలో నాలుగు చోట్ల ఆగొచ్చు.

హీటర్ కాళ్లకు తగిలించే క్లిప్పులు మొదటివి. 1200 వాట్లకు 5 ఆంపియర్ల పైచిలుకు పారుతుంది. ఏళ్ల తరబడి అంత కరెంటు మోసే క్లిప్పు కాస్త వదులైతే చాలు, వేడెక్కి నల్లబడుతుంది. తీగ పై పొర బిరుసెక్కి ఉన్నా, క్లిప్పు రంగు మారి ఉన్నా నల్లబడ్డ భాగం దాకా తీగ కత్తిరించి, అధిక వేడికి తట్టుకునే కొత్త క్లిప్పు నొక్కండి. పాతదాన్ని ప్లయర్‌తో బిగిస్తే నెల్లాళ్లే నడుస్తుంది.

రెండోది వేడి మించితే తెగే థర్మల్ కటౌట్. మామూలుగా ఓములు సున్నాకు దగ్గర ఉండాలి. తెగి ఉంటే ఎందుకు తెగిందో చూడకుండా మార్చకండి, దాటేసి తీగ కలపడం అసలే వద్దు.

మూడోది ప్రెషర్ స్విచ్. కొన్ని మోడళ్లలో పంపు ఒత్తిడి చాలకపోతే హీటర్‌ను పట్టనివ్వదు. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటే పాపం హీటరుకు చుట్టుకుంటుంది.

నాలుగోది బోర్డు మీద రిలే, అంటే హీటర్‌కు కరెంటు కలిపే స్విచ్. దాని కాళ్ల దగ్గర సాల్డర్ చుట్టూ సన్నటి గుండ్రటి పగులు వస్తుంది, వెనక బోర్డు గోధుమరంగుకు తిరుగుతుంది. భూతద్దం పెట్టి చూడండి.

వేడి కొలిచే ఎన్‌టీసీ థర్మిస్టర్ (వేడెక్కేకొద్దీ ఓములు తగ్గేది) కూడా ఒకసారి కొలవండి. చాలావాటిలో 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓములు, 50 డిగ్రీల నీళ్లలో ముంచితే సుమారు 3.6 కిలోఓములు. అది తప్పు చెబితే నీళ్లు ఇప్పటికే వేడిగా ఉన్నాయని బోర్డు మోసపోతుంది.

పాతగిన్నె

క్లిప్పులు బాగున్నాయి. కటౌట్ 0.2 ఓములు. ఫిల్టర్ శుభ్రం. థర్మిస్టర్ గదిలో 9.4 కిలోఓములు. బోర్డు తిప్పి చూస్తే పెద్ద రిలే కాళ్లలో ఒకదాని చుట్టూ మీరు చెప్పిన వలయం స్పష్టంగా కనిపిస్తోంది, చుట్టూ గోధుమరంగు.

ఓముల లెక్క

దొరికింది. బోర్డు మార్చక్కర్లేదు. పాత సాల్డర్ పూర్తిగా పీల్చేసి, రిలే కాలును మెరిసేదాకా గీకి, కొత్త సాల్డర్ వేయండి. ఉన్నదాని మీదే మళ్లీ కరిగిస్తే పగులు తిరిగొస్తుంది. రాగి పొర లేచి ఉంటే కాలి నుంచి తర్వాతి అతుకు దాకా మందపాటి రాగితీగ వేయండి.

కరెంటు లేనప్పుడు రిలే కాంటాక్టుల మధ్య కొలవండి. తెరిచి ఉండాలి. కలిసిపోయి ఉంటే ఆ రిలేనే మార్చాలి, ఎందుకంటే హీటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండిపోతుంది. ఇన్నాళ్లు పగులు దగ్గర నిప్పురవ్వలు ఎగిరి ఉంటాయి కాబట్టి, రిలేని కూడా అదే కాయిల్ వోల్టేజీ, అదే ఆంపియర్లు ఉన్నదానితో మార్చేయడం నాకు ఇష్టం. విడిగా చాలా చవక భాగం అది.

కొత్తచీపురు

అంటే రెండు పనులు: ఒకటి సాల్డర్, రెండోది పంపు. మొదటిదానికి నా అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నాను. పంపు సంగతి? ఆ సీలు విడిగా దొరుకుతుందా? మొత్తం పంపే కొనాల్సి వస్తే?

మరమేకు

మంచి ప్రశ్న, తీర్పు ఇక్కడే ఉంది. షాఫ్ట్ సీలులో రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి పంపు గోడలో కూర్చునే సిరామిక్ వలయం, రెండోది షాఫ్ట్‌తో తిరుగుతూ స్ప్రింగు ఒత్తిడితో దానికి ఆనే కార్బన్ వలయం. ఈ రెండు నునుపైన ముఖాల మధ్య నీటి పొర ఉంటుంది. సున్నం రేణువు దూరితే గీత పడుతుంది, గీత వెంట నీళ్లు కారతాయి.

పంపు పైకప్పు మరలతోనో క్లిప్పులతోనో ఉంటే విప్పొచ్చు. అతికించేసి ఉంటే మొత్తం పంపే మార్చాలి. విప్పగలిగితే షాఫ్ట్ మందం, సిరామిక్ వలయం బయటి వ్యాసం, దాని మందం, మూడూ వెర్నియర్‌తో కొలవండి. సీళ్లు ఆ కొలతలతోనే దొరుకుతాయి, మెషిన్ పేరుతో కాదు.

ఇంపెల్లర్ (పంపులో నీళ్లను నెట్టే రెక్కల చక్రం) తీసేటప్పుడు జాగ్రత్త. చాలావాటిలో మరచుట్టు మోటారు తిరిగే దిక్కులో బిగుసుకునేలా ఉంటుంది, అందుకని కొన్నిటికి ఎడమ మర, అంటే మామూలు మరకు ఎదురు దిక్కులో విప్పాలి. కదలట్లేదని బలం పెట్టేముందు దిక్కు చూసుకోండి. ప్లాస్టిక్ ఇంపెల్లర్ విరిగిందంటే చవక పని కాస్తా ఖరీదైన పని అవుతుంది.

కొత్త సీలు ముఖాలను వేళ్లతో తాకొద్దు, స్పిరిట్‌తో తుడవండి. రబ్బరు భాగానికి నూనె, గ్రీజు పూయొద్దు. సబ్బునీళ్లు రాసి సమంగా నొక్కండి. వంకరగా కూర్చుంటే మొదటి రోజే కారుతుంది. బిగించాక నీళ్లు లేకుండా ఒక్క సెకను కూడా తిప్పొద్దు, ముఖాలు మాడిపోతాయి.

ఆ పక్కనే బేరింగ్ పరీక్ష. సీలు తీసిన షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. ఇసుక తగిలినట్టుంటే, పక్కకు ఊగుతుంటే నీళ్లు బేరింగ్‌లోకి పోయాయి. అప్పుడు కొత్త సీలు కూడా నిలవదు, ఊగే షాఫ్ట్ మీద ఏ సీలూ నిలవదు. మోటారు చుట్టకూ బాడీకీ మధ్య కూడా మెగాఓములు చూడండి. రెండు కంటే తక్కువ అయితే మోటారు కూడా పోయినట్టే.

ఓముల లెక్క

పనిలో పనిగా మోటారు కెపాసిటర్ కూడా కొలిచేయండి. దాని మీద 3 లేదా 4 మైక్రోఫారడ్లు అని రాసి ఉంటుంది. రాసినదాని కంటే పది శాతానికి మించి తగ్గితే మార్చండి. అదే విలువ, అంతే లేదా అంతకంటే ఎక్కువ వోల్టేజీది వేయాలి. నీరసించిన కెపాసిటర్‌తో మోటారు మూలుగుతుంది, ఆలస్యంగా తిరుగుతుంది.

కొత్తచీపురు

మరి ఎక్కడ ఆగాలో కూడా చెప్పండి. బాగు చేయించే వాళ్లందరికీ ఇదే జబ్బు: ఇంకొక్క భాగం, ఇంకొక్క భాగం అంటూ కొత్త మెషిన్ ధర దాటేస్తారు.

ఓముల లెక్క

కొత్తదాని ధర 100 అనుకోండి. అది పదేళ్లు నడిస్తే ఏడాదికి 10. బాగు చేయడానికి మొత్తం 18 అయి, మెషిన్ ఇంకో రెండేళ్లు నడిస్తే ఏడాదికి 9. అక్కడికే గిట్టుబాటు. మూడో ఏడాది నుంచి మిగులు. ఇప్పుడు ఈ కేసుకు: సీలు, రిలే, సాల్డర్ సొంత చేత్తో వేసుకుంటే 18 దాకా వెళ్లే ప్రశ్నే లేదు. మొత్తం పంపు మార్చాల్సి వచ్చి 30, 35 అయితే మూడు నాలుగేళ్లు నడవాలి. తొమ్మిదేళ్ల మెషిన్‌కు నేనైతే అంత పందెం కట్టను. ఈ లెక్క పని మొదలయ్యాక కాదు, ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

ఒకటి మాత్రం లెక్కలో కలపకండి: ఇంతకుముందు పెట్టిన ఖర్చు. అది పోయింది.

సున్నపునీరు

కొత్తది కొనాల్సి వస్తే కొలతలు మర్చిపోకండి. ఈ రకం సాధారణంగా 55 సెంటీమీటర్ల వెడల్పు, 50 లోతు, 44 ఎత్తు ఉంటుంది. వెనక గొట్టాలకు చోటు, ముందు తలుపు పూర్తిగా వాలడానికి చోటు వేరుగా కొలవాలి. పెద్ద పళ్లేలు ర్యాక్‌లో నిలబడి స్ప్రే ఆర్మ్‌కు తగలకుండా తిరుగుతాయో లేదో చూడాలి. కుళాయి లేకుండా పైన చేత్తో నీళ్లు పోసే ట్యాంకు రకాలూ ఉన్నాయి. వాటిలో కొన్నిటికి సాఫ్ట్‌నర్ ఉండదు, గట్టి నీళ్లుంటే అది పెద్ద లోటే.

భాగాలు దొరుకుతాయా అన్నది కొనేముందే అడగాలి. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి అమలైన నియమం ప్రకారం, అక్కడ అమ్మే డిష్‌వాషర్లకు మోటారు, పంపులు, హీటర్లు, బోర్డుల వంటివి రిపేరు చేసేవాళ్లకు కనీసం 7 ఏళ్లు, తలుపు రబ్బర్లు, స్ప్రే ఆర్మ్‌లు, ఫిల్టర్లు, ర్యాక్‌ల వంటివి వాడేవాళ్లకు కూడా కనీసం 10 ఏళ్లు అందుబాటులో ఉంచాలి. మీరు చూసే మోడల్ అక్కడ కూడా అమ్మేదైతే భాగాల నంబర్లు వెతకడం తేలిక.

పాతగిన్నె

పంపు పైకప్పు ఆరు మరలతో ఉంది, విప్పాను. ఎడమ మరే. సిరామిక్ వలయం మీద వెంట్రుకంత గీత కనిపించింది. బేరింగ్ నున్నగా తిరుగుతోంది, ఊపు లేదు. మోటారు చుట్టకు, బాడీకి మధ్య అంకె రాలేదు. కెపాసిటర్ మీద 4 అని ఉంది, కొలిస్తే 3.8.

కొలతలకు సరిపడే సీలు, రిలే రెండూ దొరికాయి. రెండూ కలిపి కొత్త మెషిన్ ధరలో నూటికి నాలుగు వంతులు కూడా కాలేదు. బిగించేశాను.

వాట్‌మీటర్ ఇప్పుడు 1250. నీళ్లు నిండిన పన్నెండు నిమిషాలకు తొట్టిలో 58 డిగ్రీలు. బిళ్ల పూర్తిగా కరిగింది. కవరు లేకుండా మూడు సైకిళ్లు నడిపాను, టిష్యూలన్నీ పొడి.

ఓముల లెక్క

పన్నెండు నిమిషాలు సరైన అంకే. మూడు లీటర్ల నీళ్లను 25 నుంచి 58 దాకా తేవడానికి ఒట్టి లెక్క ప్రకారం ఆరు నిమిషాలు చాలు. మిగతాది స్టీలూ గిన్నెలూ తాగేస్తాయి.

సున్నపునీరు

ఇప్పుడు సున్నం సంగతి, ఆ గీతకు కారణం అదే కాబట్టి. 80 గ్రాముల సిట్రిక్ యాసిడ్ ఖాళీ తొట్టిలో వేసి 50, 55 డిగ్రీల ప్రోగ్రాం నడపండి. మరీ వేడి ప్రోగ్రాం వద్దు. వేడి పెరిగేకొద్దీ కాల్షియం సిట్రేట్ తక్కువ కరుగుతుంది, తెల్లపొరగా తిరిగి దిగుతుంది. అదే సైకిల్‌లో డిటర్జెంట్ వేయకండి, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బ్లీచింగ్ ఎప్పుడూ వద్దు, స్టీలును తినేస్తుంది, యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

సాఫ్ట్‌నర్‌లో ఉప్పు ఉందా? డిష్‌వాషర్ కోసం వచ్చే గరుకు ఉప్పే వాడాలి. వంటింటి ఉప్పులో గడ్డకట్టకుండా కలిపేవి సాఫ్ట్‌నర్ లోపలి రెసిన్ గింజలను మూసేస్తాయి. నీటి గట్టిదనానికి తగ్గట్టు సెట్టింగ్ కూడా మార్చండి, ఫ్యాక్టరీ సెట్టింగ్ మీ నీళ్లకు సరిపోవాలని లేదు. ఉప్పు పోశాక ఒలికినది తుడిచి వెంటనే ఒక సైకిల్ నడపండి, తొట్టిలో ఉప్పునీళ్లు నిలిస్తే మనం వెతికిన గుంటలు అప్పుడే మొదలవుతాయి.

మరమేకు

కవరు వేసే ముందు ట్రేలోని థర్మాకోల్ బిళ్లను వేలితో ఎత్తి వదలండి. టక్కున దిగాలి. ఇన్నాళ్లు సున్నపునీళ్లలో ఉంది, దాని కాడ బిగుసుకుని ఉంటే రేపు నిజంగా లీకైనప్పుడు లేవదు. మైక్రోస్విచ్ కూడా మీటర్‌తో ఒకసారి చూసుకోండి. ఐదారు వేడి సైకిళ్లయ్యాక పంపు గొట్టం క్లాంపులు చేత్తో కదిపి చూడండి, వేడికి రబ్బరు సర్దుకుని కాస్త వదులవుతాయి.